ఇరవై ఎనిమిది నిమిషాలు

గురజాల,
మంగళవారం.

పెద్ద మావయ్యకు నమస్కారాలు.

మీ ఇంట్లో ఫోన్ స్పీకర్లో పెట్టి అందరూ వింటారని ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేత పంపుతున్నాను. అత్తయ్యకు తప్ప ఎవరికీ చూపించొద్దు.

మొన్న ఆదివారం మీ పత్తి కొట్టం తగలబడుతోందని మా స్టేషనుకు ఫోన్ వచ్చింది. ఫైరింజను నేనే తోలుకొచ్చాను. మంటా లేదు, పొగా లేదు. మీరు మాకు మజ్జిగ ఇప్పించి, "ఇదేందిరా, ఎవడో పనిలేనోడు చేసుంటాడ్లే" అని నవ్వారు. నేనూ నవ్వాను.

నిన్న మా ఆఫీసరు పాత రిజిస్టరు తీసి చూపించారు. కిందటేడు ఇంకో ఊరినుంచి కూడా ఇట్లాగే ఉత్తుత్తి ఫోన్ వచ్చింది. నాలుగు రోజులకు అక్కడ గడ్డివామి నిజంగానే అంటుకుంది. మా బండి వెళ్లేసరికి బూడిదే మిగిలింది. మేం ఎంతసేపట్లో రాగలమో ఆ తగలబెట్టినోళ్లు ముందే చూసుకున్నారు, మావయ్యా.

పత్తి రేపే మిల్లుకు తోలించండి. రేటు పెరిగేదాకా ఆగొద్దు. పిల్లల్ని కొట్టం పక్క గదిలో పడుకోబెట్టొద్దు.

ఆదివారం సైరన్ విని ఊరంతా బిందెలతో పరుగెత్తుకొచ్చింది. మీ తమ్ముడు, చిన్న మావయ్య ఒక్కడే చేతులూపుకుంటూ వచ్చాడు. పొలం గట్టు తగాదా తర్వాత మీ గడప తొక్కడం అదే మొదటిసారి కదా, నాకు సంతోషమేసింది. నా భుజం మీద చెయ్యేసి, "ఎంతసేపు పట్టింది అల్లుడూ?" అని అడిగాడు.

నేనే గొప్పగా చెప్పాను.

మీ మేనల్లుడు