మామయ్య కాపాడుతున్న రహస్యం

మజురో, 1998 మార్చి

కినోజ్ మామయ్యా,

మీ ఉత్తరం అందింది. సాయం చేయలేనని ఇంత మర్యాదగా రాయవచ్చని నాకు తెలియదు.

పరదేశంవాళ్లు పరీక్షకని పేల్చిన అణుబాంబు బూడిద మన దీవిమీద కురిశాక ఏటా ఓడలో వచ్చిన వాళ్ల డాక్టర్లకు దుబాసీ మీరే. మా మెడల్లో నంబరు అట్టలు వేసింది మీరే. పన్నెండేళ్లప్పుడు నన్ను వాళ్ల దేశం తీసుకెళ్లి గొంతు కోస్తే, "పిల్ల మంచికేలే అక్కా, ఏడవకు" అని అమ్మను ఊరడించిందీ మీరే. లోపల ఏం తీశారో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అదే చోట మళ్లీ గడ్డ లేచింది. ఆ పాత కాగితాలు చూడకుండా కత్తి పట్టనంటున్నాడు ఇక్కడి డాక్టరు.

ఆ కాగితాలు దాచిన ఆఫీసువాళ్లేమో, "రోగుల గోప్యత కోసం పేర్లు తీసేశాం, నంబర్లే ఉన్నాయి. ఇరవై ఏడో నంబరు మీరేనని అప్పటి సిబ్బంది ఎవరైనా సంతకం చేయాలి" అన్నారు. బతికున్నది మీరొక్కరే. మీరేమో, "ఎవరి రహస్యమూ బయటపెట్టనని బైబిలు మీద ఒట్టేశానే పిల్లా" అంటారు.

ఎవరి రహస్యం మామయ్యా? నాది. ఎవరి నుంచి దాస్తున్నారు? నా నుంచే! నా గొంతు ఫోటో చూపించి వాళ్లు కుర్ర డాక్టర్లకు పాఠాలు చెప్పుకోవచ్చు, నేను చూస్తే మాత్రం గోప్యతకు భంగమా? మన ఆచారంలో అక్క పిల్లలకు దిక్కు మేనమామ. మీరు ఎవరికి దిక్కయ్యారు?

వచ్చే ఆదివారం మీ ఊరు ఎబాయ్ వస్తున్నాను. చర్చిలో లేచి నిలబడి నా గొంతు కోత, నిలవని నా మూడు కడుపులు, అన్నీ ఊరందరి ముందూ చెప్పేస్తాను. ఆ తర్వాత మీరు కాపాడాల్సిన రహస్యమేదీ మిగలదు. సంతకం అక్కడే పెట్టండి.

మీ అక్క కూతురు