ముందు వరుసలో నవ్వని మనిషి

వరంగల్,
ఫిబ్రవరి 1974.

బావకు చిలుకమ్మ చేతులెత్తి మొక్కి వ్రాయునది. ఇక్కడ అత్తమ్మ, పిల్లలిద్దరూ, నేను ఏ దిగులూ లేకుండా ఉన్నాము. భివండీలో మీకు దగ్గు తగ్గిందని, కరెంటు మగ్గాల సాంచాల మీద పని చేస్తూ కూడా వేళకు తింటున్నారని తెలిస్తే మా మనసులు ఇంకా కుదుటపడతాయి.

మీరు అడిగినవాటికి ముందు జవాబు. చిన్నోడికి తట్టు పోయింది, ఒంటి మీది మచ్చలు మాసిపోతున్నాయి. ఇంటి పైకప్పు పెంకులు మా అన్నయ్య సర్దించాడు. "బుర్రకథకు ఇంకా పోతున్నావా, ముందు వరుసలో ఎవరెవరు కూర్చుంటున్నారు" అని అడిగారు. పోతున్నాను. కుటుంబ నియంత్రణ ప్రచారానికి సర్కారు మా దళానికి ఊరూరా ఆటలు ఇచ్చింది. వెంకట్రాజం అన్నయ్య తంబుర పట్టి కథ చెబుతాడు. ఒక పక్క కట్టయ్య వంత పాడతాడు. రెండో పక్క నేను గుమ్మెట వాయిస్తూ జనాన్ని నవ్విస్తాను. కానీ ముందు వరుస సంగతి మీరెందుకు అడిగారా అని ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు ఒకటే అనుమానం. ఎందుకంటే ఆ వరుసలో నిజంగానే ఒక మనిషి కూర్చుంటున్నాడు.

అతన్ని మొదట రఘునాథపల్లిలో చూశాను. నడివయసు వాడు, తలకు తువ్వాల చుట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. నాకు బాగా పేరు తెచ్చిన తమాషా మీకు తెలుసు కదా? చంకలో ఒకడు, భుజాన ఒకడు, కడుపులో ఒకడు ఉన్న తల్లి పిల్లలందరినీ అన్నానికి పిలుస్తూ పేర్లు కలగాపులగం చేసి, చివరికి మేకపిల్లను కూడా పిలుస్తుంది. జనం పడి పడి నవ్వారు. అతను మాత్రం నా మొహం నుంచి చూపు తిప్పలేదు, నవ్వలేదు. తర్వాత స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆడితే అక్కడికీ వచ్చాడు. మరో ఊరికి పోతే అక్కడా ముందే వచ్చి కూర్చున్నాడు.

మొదట, పక్క దళం వాళ్లు నా తమాషాలు దొంగిలించడానికి పంపారనుకున్నాను. పట్టుకుందామని ఒకరోజు అర్థంపర్థం లేని పాట ఒకటి కల్పించి పాడాను. పక్క దళం ఆటకు కట్టయ్యను పంపితే, అక్కడ ఆ పాట వినిపించలేదన్నాడు. కట్టయ్య వాళ్లతో కలిసిపోయి అబద్ధం చెబుతున్నాడేమో అని అతన్నీ కొన్నాళ్లు అనుమానించాను. ఆ తర్వాత మీ ఉత్తరం వచ్చింది. ఇక దాచడం దేనికి, మిమ్మల్నే అనుమానించాను బావా. పెళ్లాం ఎట్లా మసులుతున్నదో చూసి రమ్మని మనిషిని పెట్టారనుకున్నాను.

పోయిన వారం రఘునాథపల్లి బస్సుల కాడ అతను కనబడితే ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ఏందన్నా, మా ఎంబడి ఊరూరు తిరుగుతాన్నవ్? నిన్నెవలు తోలిండ్రు?" అన్నాను.

"నన్నెవలు తోల్తరమ్మా? నేనే నిన్నడుగుదామనుకున్న. మా కట్టమ్మ సంగతి నీకెవలు జెప్పిండ్రు?"

"కట్టమ్మ ఎవలు?"

"నా పెండ్లాం. ఆరో కాన్పుల పాణం పోయింది. పోరగాండ్లను పిలిస్తే గట్లనే పేర్లు కలిపేది. మా ఊళ్ళె నువ్వు గది జేస్తాంటె అందరు నా దిక్కు జూసి నవ్విండ్రు. మావోడెవడో నీకు జెప్పిండు, సచ్చినామెను ఎక్కిరిస్తాన్నవ్ అనుకున్న. ఏరే ఊళ్ళల్ల గూడ గదే జేస్తవా, మా ఊళ్ళెనే జేసినవా అని సూడనీకి వస్తాన్న."

అతని పేరు యాకయ్య. ఇన్నాళ్లూ నేను అతన్ని అనుమానిస్తుంటే అతను నన్ను అనుమానిస్తున్నాడు! మీ మీది అనుమానం కూడా అక్కడే పోయింది. కట్టమ్మ ఎవరో నాకు తెలియదని పిల్లల మీద ఒట్టు పెట్టాను.

"సమజైంది తియ్యి. అన్ని ఊళ్ళల్ల నవ్వుతాండ్రంటె అందరిండ్లల్ల గంతేనన్నట్టు," అని తలకు తువ్వాల బిగించుకున్నాడు. బస్సు వచ్చాక లేస్తూ అన్నాడు: "గని చెల్లె, ఆమె గంత గనం పిలుస్తాంటె నేను అరుగు మీద కూసొని బీడీ తాగేటోన్ని. గా మనిషి నీ ఆటల లేడు."

ఆ తమాషాలో ఇక చేయవలసింది ఏమీ మిగలలేదనుకున్నాను బావా. అందులో సగమైన ఆ తల్లి మొగుణ్ణి ఇంట్లోనే మరిచి వచ్చానని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

నర్సంపేటలో అరుగు మీది మొగుణ్ణి కలిపి ఆడాను. ఒక్కరూ నవ్వలేదు. ఆడవాళ్లు తలలు దించుకున్నారు, మగవాళ్లు లేచి పోయారు. "సర్కారు మనల్ని పంపింది మొగోళ్లను తిట్టనీకి గాదు. తీసెయ్ దాన్ని," అని వెంకట్రాజం అన్నయ్య గట్టిగా అన్నాడు. నేను తీయలేదు. ఎక్కడ చెడిందో వెతుక్కున్నాను. వాణ్ణి నేను కోపంతో ఆడాను. కోపంతో ఆడితే వాడు దుర్మార్గుడు అవుతాడే గాని ఎవరి మొగుడూ కాడు. వాడి మీద నాకు కాస్త ప్రేమ ఉండాలి.

మొన్న ఘన్‌పూర్‌లో మార్చి ఆడాను. వాడు అగ్గిపుల్ల చెవిలో తిప్పుకుంటూ హాయిగా కూర్చుని ఉంటాడు. కాళ్ల దగ్గర పిల్లవాడు ఏడుస్తాడు. వాడు చల్లగా వంగి చూసి, "గీ పోరడు ఎవలోడే? జర సూడు, వాళ్లమ్మ ఎదుకుతాంటది," అంటాడు. ముందు ఆడవాళ్లు గొల్లుమన్నారు, వెనక మగవాళ్లు పక్కవాణ్ణి పొడిచి పొడిచి నవ్వారు. యాకయ్య ఆ రోజు వెనక నిలబడి ఉన్నాడు. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇంతసేపూ వ్రాయకుండా ఆపుకున్న సంగతి ఒకటి ఉంది. ఆ మొగుడు మీరే. చెవిలో ఆ అగ్గిపుల్ల, లుంగీ మోకాళ్ల మీదికి లాక్కునే తీరు, ఆ చల్లటి గొంతు, అన్నీ మీవే. దసరాకు వచ్చినప్పుడు మన చిన్నోణ్ణి చూసి "ఎవలోడే" అన్నది కూడా మీరే. ఆ రోజు ఆట చూడడానికి అత్తమ్మ వచ్చింది. ఆమె నవ్వకుండా నా వైపే చూస్తుంటే గుమ్మెట తాళం తప్పాను. ఇంటికి వచ్చాక ఒక్క మాటే అన్నది: "మీ మామ గూడ గంతేనే బిడ్డా. గాయిన తుమ్ము గూడ పెట్టు, ఇంక నవ్వుతరు."

మీకు కోపం వస్తుందని తెలుసు. తిడుతూ ఉత్తరం వ్రాయండి, పడతాను. కానీ కోపంలో చేతులు ఎక్కడ పెట్టుకుంటారో, ముందు లేస్తారో ముందు అరుస్తారో అది కూడా వివరంగా వ్రాయండి. నేనాడే మొగుడికి కోపం ఇంకా సరిగా రావడం లేదు.

ఇట్లు,
మిమ్మల్ని ఊరూరా తిప్పుతున్న
మీ మరదలు, మీ ఇంటిది,
చిలుకమ్మ