రాయి మీద ఏం చెక్కించను?

అన్నయ్యా,

సమాధుల పండుగలోపు నీ సమాధికి రాయి వేయించాలి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

బాంబులు నిర్వీర్యం చేసే సైనికుల సినిమాను అందరూ మెచ్చుకుంటుంటే, నిన్న అమ్మను బెంజ్ సర్కిల్ దగ్గరి హాలుకు తీసుకెళ్లాను. బరువైన సూటు తొడుక్కుని ఒకడు ఒంటరిగా బాంబు వైపు నడుస్తుంటే, అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఈ పిల్లోడు చేసే పని వాళ్లమ్మకి తెలుసంటావా? మనోడే నయం, మిలిటరీలో వంట చేసేవాడు.”

గుడ్డు ఉడకబెట్టడం కూడా రాని నువ్వు! నీదీ ఆ బాంబుల పనేనని నాకొక్కదానికే చెప్పావు. సెలవులో వచ్చి జ్వరంతో పోయావు. అమ్మ నమ్మకం అలాగే ఉండిపోయింది.

“పేరు కింద ‘అందరికీ వండిపెట్టాడు’ అని చెక్కించవే. చదువుకున్నదానివి, తప్పుల్లేకుండా చూడు” అంటోంది.

అలాగే చెక్కించనా, నిజం చెప్పేయనా? శనివారం పని మొదలుపెడతారు. శుక్రవారం సాయంత్రంలోపు చెప్పు, అన్నయ్యా.

నీ చెల్లి