బావ లెన్సు, కెల్లీవిల్ ఎండ

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఏడుస్తూ రాస్తున్నాననుకోకు. నిన్ను ఓడించానని చెప్పడానికి రాస్తున్నాను.

నీ తెనాలి స్టూడియో లెన్సు నాకిచ్చి, డిజిటల్ కెమెరాకి ఇది పనికిరాదని బతికున్నన్నాళ్లూ దెప్పావు. నీకు తోడు ఆ కెమెరా కంపెనీ. తయారీ ఖర్చు తగ్గించుకోవడానికి, పాత లెన్సు రింగుని పసిగట్టే చిన్న మీటని చవక మోడళ్లలోంచి పీకేసింది. ఇలాంటి పిసినారుల గురించి చరిత్ర పుస్తకాల్లో బోలెడు చదివాను. నీ లెన్సు బిగించగానే నా కెమెరా వెలుతురు కొలవనని మొండికేసింది. "మామయ్యగారూ, ఇది వేస్ట్, కొత్తది తీసుకోండి" అంది కోడలు.

నేను వినలేదు. పొద్దున ఈ పరాయి దేశంలో, కెల్లీవిల్‌లోని మా పెరట్లో అక్కని కూర్చోబెట్టి, నీలాగే అరచేతి మీద ఎండ చూసి, లెన్సు రింగు మీద నువ్వు నేర్పిన అంకెలే పెట్టాను. ఫోటో తెల్లకాగితంలా వచ్చింది. అవి తెనాలి ఎండకి అంకెలు బావా, ఇక్కడి ఎండ దానికి పెద్దన్న!

"ఇదేంట్రా, నన్ను మాయం చేశావు? మీ బావే నయం, ఫోటోలో తల నరికినా ఒళ్లన్నా మిగిల్చేవారు" అని అక్క పకపకా నవ్వింది. నువ్వు పోయాక అక్క అలా నవ్వడం ఇదే మొదలు. వెలుతురు తగ్గేలా రింగు రెండు గీతలు తిప్పి నొక్కేశాను. కట్టుడు పళ్లతో సహా అద్భుతంగా వచ్చింది.

దీన్ని గోడ మీద నీ ఫోటో పక్కన పెట్టనా అని అక్కని అడిగాను.

"పక్కన వద్దురా, ఎదురు గోడకి తగిలించు. తీరిగ్గా చూస్తారు. ఇప్పుడేం పనుంది ఆయనకి!"