తడుముకోకుండా వచ్చిన జవాబు

వదినగారికి,

అత్తయ్యకు గండం గడిచింది. ఇవాళ లేచి కూర్చుని పాలు తాగారు. "ఆయాసం అంత ముదిరేదాకా ఏం చేస్తున్నారు?" అని మీరు ఫోనులో అడిగితే చటుక్కున పెట్టేశాను. క్షమించండి.

పోయిన వారం ఆవిడను డాక్టరుకు చూపించింది నేనే. ఆయనకు తెలుగు రాదు. నేను వెళ్లే ఇంగ్లీషు క్లాసులో, ప్రశ్న చెవిన పడగానే జవాబు వచ్చేయాలని, మధ్యలో తెలుగులో ఆలోచించకూడదని నూరిపోశారు. డాక్టరు అత్తయ్యను చూసి "హౌ ఆర్ యూ?" అనగానే నా నోరు "ఫైన్, థాంక్యూ" అనేసింది. తడుముకోకుండా వచ్చిందని నేను మురిసిపోయేలోగా ఆయన పాత మందులే రాసి, ఇంకొకరిని పిలిచాడు.

బయటికొచ్చాక అత్తయ్య, "పడుకుంటే ఊపిరాడట్లేదని చెప్పావామ్మా?" అన్నారు.

సిగ్గేసి, "చెప్పానత్తయ్యా" అన్నాను.

తర్వాత రెండు రోజులకే ఆస్పత్రిలో చేర్చాం. కాస్త తేరుకోగానే పక్క మంచం ఆవిడతో, "మా కోడలు ఇంగ్లీషు గడగడా మాట్లాడేస్తుంది" అని గొప్పగా చెబుతున్నారు. అది వినలేక ఇవాళ నిజం చెప్పేశాను. అత్తయ్య గోడవైపు తిరిగారు.

"ఈసారి ముందు నన్నడుగు. తర్వాత ఆయనతో చెప్పు" అని, దుప్పటి కప్పుకుని పడుకున్నారు.

మీరైనా నాలుగు చీవాట్లు పెట్టండి వదినా.

మీ మరదలు