గున్నడి ప్రయాణపు పెట్టె

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాయునది. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టడం నాన్న నేర్పిన పద్ధతి కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. మనుషుల వరకు అది నిజమే. మీ బావ నడుంనొప్పి తగ్గింది. నా కుట్టుమిషను కొత్త బెల్టు వేయించుకుని బుద్ధిగా నడుస్తోంది. నువ్వు వేళకి తింటున్నావని, ఆ చలికి ఉన్ని చొక్కా తొడుక్కుంటున్నావని అనుకుంటాను. అనుకోవడమే గానీ నీ సంగతి నాకు తెలియదా. మరదలు పోయాక నువ్వు ఆకలేసి తిన్నది ఎప్పుడు?

నీ ఉత్తరం అందింది. అందులో నీ గురించి రెండు ముక్కలు, మిగతా అంతా నీ కుక్క గురించే. ఇంకా మా దగ్గరే ఉన్న గున్నడి కోసం అక్కడ ముందే కింది వాటాలోకి ఇల్లు మారావట. మెట్లెక్కితే వాడి కాళ్ళు నొప్పెడతాయని ఇంటాయనతో పోట్లాడి మరీ తీసుకున్నావట. కిటికీ పక్కన వాడి పరుపుకి చోటు వదిలి, నీ మంచం గోడకి జరుపుకున్నావట. అది చదివాకే ఈ కాగితం తీసుకుని మిషను దగ్గర కూర్చున్నాను. నువ్వడిగిన వాటన్నిటికీ వరసగా జవాబు రాస్తాను. తొందరపడి చివరి పేజీకి పోకు. చిన్నప్పటి నుంచీ నీకు ఆ రోగం ఉంది.

వాడిని విమానంలో పంపే పెట్టె ఎలా కుదిరిందని అడిగావు. బాగానే కుదిరింది. దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ పెట్టెలేవీ వాడికి చాలలేదని కిందటిసారి రాశాను కదా. అన్నిటికంటే పెద్దదాంట్లో కూడా తల లోపలుంటే తోక బయట, తోక లోపలుంటే తల బయట. దుకాణంవాడు "ఇది కుక్కేనా అమ్మా, దూడా?" అన్నాడు. చివరికి మీ బావే చెక్కతో చేస్తానన్నాడు. ఇన్నేళ్ళుగా బీరువాలూ తలుపులూ చేసిన మనిషికి కుక్కపెట్టె ఒక లెక్కా అనుకున్నాడు. కార్గో ఆఫీసు గుమస్తా ఒక్కొక్క షరతే చెబుతుంటే ఆయన తల ప్రాణం తోకకి వచ్చింది. వాడు నిలబడితే చెవులు పైకప్పుకి తగలకూడదు. లోపలే చుట్టూ తిరగగలగాలి. నాలుగు పక్కలా గాలి ఆడాలి, కానీ కాలు బయటికి రాకూడదు. తలుపు తీయకుండానే నీళ్ళ గిన్నె నింపేలా ఉండాలి. సరే, కొలతలు తీద్దామని టేపు పట్టుకుంటే, గున్నడు దాని కొస నోట కరుచుకుని మీ బావని దొడ్డంతా తిప్పాడు.

పరుపు నేనే కుట్టాను. నువ్వడిగినట్టే లోపలి పొరలో మరదలి పాత శాలువా పెట్టాను. దాన్ని మడత పెడుతుంటే, ఆమె వాడిని ఆ శాలువాలోనే చుట్టుకుని తెచ్చిన రోజు గుర్తొచ్చింది. ఒళ్ళో పట్టేంత ఉన్నాడు. "చూడు వదినా, ఏనుగు గున్నలా ఎలా ఉన్నాడో" అని మురిసిపోయింది. ఆ పేరు పెట్టిన పాపానికి వాడు నిజంగానే అంత అయ్యాడు. పెట్టెకి తగిలించిన గిన్నెలో నీళ్ళు తాగడం వచ్చిందా అన్నావు. వచ్చింది. సగం తాగుతాడు, సగం మీ బావ ప్యాంటు మీద దులుపుతాడు.

పెట్టెలోకి ఇప్పుడు మారాం చేయకుండా ఎక్కుతున్నాడా అని అడిగావు. మొదట్లో ససేమిరా అన్నాడు. మాంసం ముక్క లోపల పెడితే, మెడ సాచి అందుకుని వెనక్కి వచ్చేసేవాడు. భయమేమీ లేదని చూపించడానికి మీ బావ తనే దూరి, మునగదీసుకుని పడుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎదురింటి నర్సమ్మాయి వచ్చి చూసి, "బాబాయి ఏం తప్పు చేశారు పిన్నీ?" అంది. "నన్ను పెళ్ళి చేసుకున్నాడు" అన్నాను. లోపలినుంచి మీ బావ "శిక్ష ఇదొక్కటే అయితే బాగుండేది" అన్నాడు. గున్నడు మాత్రం ఆయన్ని చూసి జాలిపడ్డట్టు మూతి ముందుకాళ్ళ మీద ఆనించి బయటే పడుకున్నాడు.

ఆ తర్వాత ఉపాయం చెప్పింది నువ్వే. "గున్నా, రారా, ఇక్కడున్నాను రా" అని నీ గొంతు రికార్డు చేసి పంపావు. నేను ఫోను తీసుకెళ్ళి పెట్టె వెనకవైపు చెక్కకి ఆనించి మోగించాను. అంత మొండికేసినవాడు ఒక్క దూకులో లోపలికి పోయాడు. మూలమూలా వాసన చూశాడు, వెనక చెక్కని గోకాడు, తర్వాత ఆ చెక్కవైపే మొహం పెట్టుకుని కూర్చున్నాడు. మీ బావా నేనూ చప్పట్లు కొట్టాం. అప్పటినుంచి రోజూ అదే పని. గొంతు వినిపిస్తాం, ఎక్కుతాడు, తలుపు వేస్తాం, కాసేపయ్యాక తీస్తాం. రానురాను గొంతు కూడా అక్కర్లేకుండా తనంతట తానే ఎక్కి కూర్చునేవాడు. పని సులువైందని సంబరపడ్డామే గానీ, వాడు అసలేం నేర్చుకుంటున్నాడో మా ఇద్దరికీ తట్టలేదు. నీకూ తట్టలేదు.

ప్రయాణం ఎప్పుడని అడిగావు. ఇంతవరకూ మాట దాటేస్తూ వచ్చాను, ఇక నావల్ల కాదు. గున్నడు విమానం ఎక్కడు తమ్ముడూ.

విమానం ఎక్కించాలంటే పశువుల డాక్టరమ్మ చూసి, ప్రయాణానికి తట్టుకుంటాడని సంతకం పెట్టాలి కదా. తీసుకెళ్ళాం. కొన్నాళ్ళుగా కొంచెం ఆయాసపడుతున్నాడు, వేడికేమోలే అనుకున్నాం. ఆవిడ వాడి ఛాతీ మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. ఎక్స్‌రే ఫోటో తీసింది. గుండె బాగా ఉబ్బిపోయిందట. ఇంత పెద్ద జాతి కుక్కలకి ఈ వయసులో వస్తుందట. "ఇంట్లో చల్లగా, నెమ్మదిగా ఉంటే మందులతో లాక్కురావచ్చమ్మా. విమానం కింది అరలో ఆ చీకట్లో, ఆ మోతలో అంతసేపు ఒక్కడే ఉంటే తట్టుకోలేడు. మత్తు ఇచ్చి పంపడం ఇంకా ప్రమాదం. నేను సంతకం పెట్టలేను" అంది. ఎన్నాళ్ళుంటాడని మీ బావ అడిగాడు. "లెక్క చెప్పలేనండీ. ఎక్కువ కాదు. కావలసినవాళ్ళు దగ్గరుంటే మంచిది" అంది. వాడు ఆవిడ బల్ల మీద నిలబడి ఆవిడ చెయ్యి నాకుతున్నాడు.

కార్గో ఆఫీసుకి వెళ్ళి, మా కుక్క రావడం లేదని చెప్పాం. ఆ గుమస్తా మంచివాడే. గొంతు తగ్గించి, "ఇంకో డాక్టరున్నాడమ్మా, కుక్కని చూడకుండానే సంతకం పెడతాడు. అక్కడ మీ తమ్ముడు ఎదురుచూస్తుంటాడు కదా పాపం" అన్నాడు. అబద్ధం ఎందుకు, నా మనసు లాగింది. నువ్వు గోడకి జరుపుకున్న మంచమే కళ్ళ ముందు మెదిలింది. ఆ డాక్టరు ఇల్లెక్కడో కూడా అడిగాను. అప్పుడు మీ బావ, పిలిస్తే గానీ పలకని మనిషి, "అక్కడ దిగాక పెట్టె తలుపు తీసేది మీ తమ్ముడే కదే" అన్నాడు. ఇద్దరం ఇంటికి వచ్చేశాం.

నీ ఫోను ఎత్తడం లేదని కోపగించుకుంటూ రాశావు. కోపం రావాల్సిందే. ఎత్తి ఏం చెప్పను? మరదలి సంగతి నీకు ఫోనులో చెప్పిందీ నేనే. ఆమెకి ఉతికిన బట్టలు తేవడానికి ఆస్పత్రినుంచి ఇంటికి వెళ్ళినవాడివి, విని, "సరే అక్కా" అన్నావు. అంతే. ఆ "సరే అక్కా" ఇంకా నా చెవిలోనే ఉంది. అలాంటిది ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు తమ్ముడూ.

ఇంకొకటుంది. ఇది రాయడం అన్నిటికంటే కష్టంగా ఉంది. ప్రయాణం లేదని తేలాక పెట్టెని వరండాలోంచి తీసేద్దామనుకున్నాం. గున్నడు తీయనివ్వలేదు. వాడసలు దాంట్లోంచి రావడమే లేదు. దొడ్లోకి తీసుకెళ్తే పని కానిచ్చుకుని తిన్నగా వచ్చి మళ్ళీ ఎక్కుతాడు. తిండి కూడా అక్కడే, అదీ నేను బతిమాలితే. మీ బావ తలుపు ఊడదీశాడు. పైకప్పు విప్పేశాడు. అయినా వాడు వెనక చెక్కకి మొహం ఆనించుకునే పడుకుంటున్నాడు. వాడికి పెట్టెలో ఉండటం నేర్పుతున్నామని మనం అనుకున్నాం. అందులో బుద్ధిగా కూర్చుంటే నువ్వొస్తావని నేర్పాం. రాకపోయేసరికి తనే సరిగ్గా కూర్చోలేదనుకుంటాడో ఏమో, లేచి, సర్దుకుని, మళ్ళీ కూర్చుంటాడు. అది చూడలేక మిషను లోపలి గదిలోకి మార్పించుకున్నాను.

ఊరటగా ఉంటుందేమోనని ఒకసారి నీ గొంతు వినిపించాను. ఆ ఆయాసంతోనే లేచి చెక్కని గోకడం మొదలుపెట్టాడు. ఆపమన్నా ఆపలేదు, గోళ్ళ దగ్గర రక్తం వచ్చింది. మళ్ళీ ఆ పని చేయలేదు.

వెళ్ళేటప్పుడు ఇక ఈ ఊళ్ళో కాలు పెట్టనన్నావు. నేను కాదనలేదు, నీ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. కానీ వాడు నీ దగ్గరికి రాలేడు. నువ్వే రా. నిన్ను మీ పాత ఇంటి వీధిలోకి తీసుకురాను. ఆస్పత్రి వైపు కూడా పోనక్కర్లేదు. విమానం దిగితే మీ బావ తన సామాన్ల బండి వేసుకొచ్చి, చుట్టుదారిన మా వరండా దాకా తెస్తాడు. పలకరింపులంటూ ఎవరూ మీద పడకుండా నేను చూసుకుంటాను, నా నోటి సంగతి వీధంతటికీ తెలుసు. వాడి పక్కన కూర్చో, చాలు. పెట్టెలో నీకూ చోటు సరిపోతుంది, మీ బావ కొలతలెప్పుడూ కాస్త వదులే.

నర్సమ్మాయి రేపు మీ వైపే విమానమెక్కుతోంది. పోస్టు నమ్ముకోకుండా, నీ చేతికే ఇమ్మని ఈ ఉత్తరం ఆమెకిస్తున్నాను. చదివాక ఫోను చెయ్యి. ఈసారి ఎత్తుతాను. నీ గొంతు వాడికి వినపడకుండా దొడ్డి చివరికి పోయి మాట్లాడతాను.

రాలేనంటే ఆ మాటే చెప్పు. నిన్నేమీ అనను. నీ బాధ నాకు తెలియనిది కాదు. కాకపోతే, నువ్వు రావడం లేదని వాడికి ఎలా చెప్పాలో అది కూడా నువ్వే చెప్పు. నాకు తెలియడం లేదు.

ఇట్లు,
నీ అక్క