కండ్లు ఒక్కటే కనబడే కాలం

25 సెప్టెంబర్ 1994, ఆదివారం

రోజూ నాలుగు మాటలన్నా రాయకపోతే చెయ్యి మర్చిపోతుందని రాత్రిబడి సారు అన్నాడు. పుస్తకంలో ఉన్నట్టే రాయాలన్నాడు. అట్లాగే రాస్తున్నాను. ఎవరూ చదవరు, తప్పులున్నా ఫికర్ లేదు.

సూరత్‌లో రోగం వచ్చిందట. రేడియోలో చెప్పారు. ఎలుకల నుంచి మనిషికి, మనిషి దగ్గితే ఇంకో మనిషికి. ఊపిరిలోనే ఉంటుందట. కంటికి కనబడదట. కంటికి కనబడని దానికి అంత పెద్ద పట్నం ఖాళీ అవుతున్నదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. సాయంత్రం కరీంనగర్ బస్సు వచ్చింది. అక్కడ పవర్‌లూముల మీద పనిచేసే మన సిరిసిల్ల పిల్లలు దిగారు. అందరి మూతులకూ గుడ్డలు. అప్పుడు నమ్మాను.

మా కొడుకు మార్కండ అందులో లేడు. రేపు వస్తాడు. మూతికి గుడ్డ కట్టుకుంటే మంచిదట. వాడి దగ్గర వాళ్ల బాపు చేతిమగ్గం మీద నేసిచ్చిన ఎర్ర అంచు తువ్వాల ఉన్నది. కట్టుకునే ఉంటాడు.

28 సెప్టెంబర్, బుధవారం

మార్కండ లేడట.

30 సెప్టెంబర్, శుక్రవారం

మొన్న ఎస్టీడీ బూత్‌కు ఫోన్ వచ్చింది. మా పెనిమిటి బుచ్చిరాములు పోయి విన్నాడు. సేటు గుమస్తా ఎవరో మాట్లాడాడట. జ్వరం వచ్చింది, ఖోలీలోనే, అదే వాళ్లుండే గదిలోనే పోయాడు, బండి వచ్చి తీసుకుపోయింది, అక్కడే కాల్చేశారు. అంతే చెప్పాడట. ఎవరు చూశారు అని ఈయన అడగలేదు. అడిగేలోపు ఫోన్ కట్టయిందట.

వాడితో ఒకే ఖోలీలో ఉన్న పిల్లలు వచ్చారు. ఒక్కొక్కణ్ణీ అడిగాను. నువ్వు చూసినవా బిడ్డా? లేదవ్వా, మేం ఉరికినప్పుడు వాడు డ్యూటీల ఉండె. నువ్వు? రైల్ల విన్న అవ్వా, ఎవలో అనంగ విన్న. అందరూ విన్నవాళ్లే.

చూసినవాడు ఒక్కడూ లేని చావు చావేనా?

1 అక్టోబర్, శనివారం

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. తల్లిగారింటివాళ్లు బువ్వా కల్లూ తెచ్చి, అందరూ కలిసి కూర్చుని ఒకే ముంతతో తాగించి నోటి చేదు తీస్తారు. అది అయితేనే ఇంట్లో మనిషి మళ్లీ నలుగురిలోకి వచ్చినట్టు.

మా తమ్ముడు రాజయ్య వేములవాడ నుంచి వచ్చాడు. మూతికి గుడ్డ. కల్లు క్యాను, బువ్వ గిన్నె అరుగు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడ్డాడు. సూరత్ నుంచి వచ్చిన పిల్లలు మా ఇంటికి వచ్చిపోయారు కదా, అందుకట. అక్కా, ఏమనుకోకు, ఇంట్ల చిన్న పోరగాండ్లున్నరు అన్నాడు. నా పళ్లెంలో తిని పెరిగినవాడు. గుడ్డ పైన కండ్లు ఏడుస్తున్నాయి. ఏడ్చి ఏడ్చి గుడ్డ తడిసిపోయింది. కింద మూతి ఏమంటున్నదో నాకు కనబడలేదు. ఎంత వింత కాలం! తమ్ముడి ముఖం సగమే వచ్చింది పలకరించడానికి.

కల్లు ముట్టలేదు. వాడు పోయాడని కండ్లతో చూసినవాడు వచ్చి చెప్పాలి. అప్పుడే చేదు తీసుకుంటాను. అందరికీ చెప్పేశాను.

4 అక్టోబర్, మంగళవారం. పెత్రమాస

పోయినవాళ్ల పేరున ఈరోజు బియ్యం ఇస్తారు. అయ్యగారు పేర్లు అడిగాడు. మా మామ పేరు, అత్త పేరు చెప్పాం. తర్వాత బుచ్చిరాములు నోరు తెరిచాడు. నేను చేటలో బియ్యం కొంగున పోసుకుని లోపలికి వచ్చేశాను. నీకు పిచ్చి లేసిందే, కొడుకు నాకు మాత్రం కాదా అని ఈయన వాకిట్లోనే అరిచాడు. అరిచి మగ్గం గుంటలో కూర్చున్నాడు. నేయలేదు. ఊరికే కూర్చున్నాడు.

మనిషి దొరకకపోతే మోదుగు ఆకులతో బొమ్మ చేసి కాల్చవచ్చునట. కులపెద్దలు అన్నారు. ఆకులకు నేను కొడుకా అని ఎట్లా ఏడుస్తాను?

మార్కండేయుడు మా పద్మశాలోళ్ల దేవుడు. యముణ్ణి వెనక్కి పంపినవాడు. అందుకే ఆ పేరు పెట్టుకున్నాం.

8 అక్టోబర్, శనివారం

ఉప్పు కోసం పోయి బస్టాండుకు పోయాను. ఎందుకు పోయానో తెలియదు.

కరీంనగర్ బస్సు ఆగింది. మూతులు కట్టుకున్న పిల్లలు దిగుతున్నారు. ఒకడి నడక వాడిదే. ఒకడి భుజాలు వాడివే. మూతి కనబడదు, ముక్కు కనబడదు. కండ్లు ఒక్కటే. అబ్బా, ఆ వయసు పిల్లల కండ్లన్నీ ఒక్కటే ఎట్లా ఉన్నాయి! ఇన్నేళ్లూ నేనెప్పుడూ చూడలేదు. గుడ్డ విప్పేదాకా ప్రతి ఒక్కడూ మార్కండే కావచ్చు. ఎవరూ విప్పలేదు. విప్పకుండానే వాళ్ల వాళ్ల ఇళ్లకు పోయారు.

ఇంటికి వచ్చాను. చాలా రోజుల తర్వాత బువ్వ తిన్నాను.

9 అక్టోబర్, ఆదివారం

పోయాను. వచ్చారు. చాలామంది కట్టుకునే ఉన్నారు.

12 అక్టోబర్, బుధవారం. సద్దుల బతుకమ్మ

మాది చావు ఇల్లట. ఆడకూడదు. గడపలో కూర్చుని చూశాను. ఆడవాళ్లంతా మూతికి కొంగులు అడ్డం కట్టుకుని తిరుగుతున్నారు. పాట బయటికి రావడం లేదు. చప్పట్లు మాత్రం టపటప వినబడుతున్నాయి. నడుమ అంత ఎత్తు పూలు, చుట్టూ నోరు లేని ఆడవాళ్లు. రోగానికి భయపడ్డారు, అయినా ఆడడం మానలేదు. రెండూ నిజమే.

పక్కింటి యాదవ్వ మాస్కులు కుట్టి అమ్ముతున్నది. సిరిసిల్లలో లంగాల గుడ్డకు కరువా? సాంచెల మీద, అదే పవర్‌లూముల మీద మిగిలిన ముక్కలన్నీ ఆమె దగ్గరికే. మీసాలు మెలేసే మొగోళ్లంత ఆడోళ్ల లంగలు మూతికి కట్టుకుని తిరుగుతున్నరే అక్కా, ఇసొంటి దినం సూస్తననుకోలే అని పడీపడీ నవ్వింది. నేను కూడా నవ్వాను. నవ్వు ఆగిన తర్వాత ఆమె మళ్లీ సూది అందుకున్నది.

కట్టుకున్నవాళ్లు కూడా అన్ని రకాలు. కర్పూరం మూట కట్టి పీల్చేవాళ్లు. బీడీ కోసం కిందికి లాగి, దగ్గి, మళ్లీ పైకి లాగేవాళ్లు. కల్లు దుకాణంలో అందరి మాస్కులూ మెడలోనే. ఇదంత గోలీలు అమ్ముకునేటోళ్ల నాటకం అని ఉత్త మూతితో తిరిగే మొండివాళ్లు. వాళ్లను చూస్తే నాకు కోపం. అందరికీ రోగమని కోపం. నాకు వేరే కోపం.

21 అక్టోబర్, శుక్రవారం

రోగం తగ్గిందట. రేడియోలో చెప్పారు. మూతులు బయటపడుతున్నాయి. బస్సులో నుంచి ఎవడి ముక్కు వాడిది, ఎవడి మీసం వాడిది వేసుకుని దిగుతున్నారు. దిగినవాడు దిగినట్టే మార్కండ కాకుండా పోతున్నాడు.

యాదవ్వ మాత్రం ఇంకా కుడుతూనే ఉన్నది. దీపావళికి మళ్లొస్తదట అక్కా అన్నది. సూరత్‌ల ఆగినోళ్లంత పండుగకు వస్తరు గద, వాళ్లతోని రెండోపారి వస్తదట, మొదటిది ఉత్త జాడ సూసి పోయిందట అన్నది. వాళ్ల అమ్మమ్మ కాలంలో ఎలుకలు రాలితే ఊరు ఊరే లేచి చెలకల్లో గుడిసెలు వేసుకున్నారట. తగ్గిందని తిరిగొచ్చాకే రెండోసారి వచ్చిందట. ఈ మాట ఊరంతా పాకింది. మాస్కులు మడిచి దూలాల్లో దోపి దాచుకుంటున్నారు, పండుగ బట్టల్లాగా.

అందరూ రాకూడదని మొక్కుతున్నారు. దీపావళి బస్సులు రావాలి, మూతులు కట్టుకునే రావాలి అని నేను ఒక్కదాన్నే అనుకున్నాను. రోగం రావాలని కాదు దేవుడా. గుడ్డలు రావాలి.

27 అక్టోబర్, గురువారం

ఉత్త మూతులే.

2 నవంబర్, బుధవారం

పండుగ బస్సు. కిటకిటలాడుతూ వచ్చింది. బస్టాండులో సగం మంది ముందుగానే కొంగులు, రుమాళ్లు మూతికి అడ్డం పెట్టుకున్నారు. దిగేవాళ్లు అందరూ ఉత్త ముఖాలతో నవ్వుకుంటూ దిగారు. స్వీట్ డబ్బాలు, పటాకుల సంచులు. వాళ్లను చూసి వీళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు రుమాళ్లు దించేశారు. ఎదురు వచ్చినవాళ్లు సిగ్గుపడి నవ్వారు. రెండో రోగం రాలేదు. ఇక మార్కండ కూడా రాడు అనుకుని తిరిగాను.

చివర ఒకడు దిగాడు. మూతికి గుడ్డ ఉన్నది. ఎర్ర అంచు.

మా ఇంట్లో నేసిన అంచు నాకు తెలియదా? ఆ పడుగుకు గంజి పెట్టింది నేను. పరుగెత్తాను. చెప్పు ఊడిపోయింది. మార్కండా అని అరిచాను. బస్టాండంతా తిరిగి చూసింది. భుజం పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను. వాడు నా కండ్లలోకి చూశాడు. ఎంతసేపో చూశాడు. వాడి కండ్లు నిండాయి.

తర్వాత గుడ్డ విప్పాడు.

వాడు వేరేవాడు.

3 నవంబర్, గురువారం. దీపావళి

బస్టాండు నుంచి ఇంటికి తీసుకొచ్చిన ఆ పిల్లాడి పేరు దశరథం. మానేరు అవతలి ఊరు. మార్కండతో ఒకే ఖోలీ. అందరూ ఉరికిన తర్వాత ఆ గదిలో మిగిలింది వీడొక్కడే. ఆ తువ్వాలను ఇద్దరూ చెరిసగం చింపుకుని మూతికి కట్టుకున్నారట. బండి వచ్చిన తర్వాత వీణ్ణి కొన్నాళ్లు దవాఖానలో ఉంచి చూశారు. ఏమీ కాలేదు. అయినా వీడి సొంత అన్నలే రావద్దని కబురు పంపారు. అందుకే ఊరివాళ్లు గుర్తుపట్టకుండా గుడ్డ కట్టుకుని దిగాడు. అందరు ఇప్పిండ్రు, నేనొక్కన్నే కట్టుకున్న, ఇగ అందరు నన్నే సూస్తున్నరు అవ్వా అన్నాడు. ఏడుస్తూ నవ్వాడు.

వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మర్చిపోకూడదు.

జరం బాగ ఎక్కింది అవ్వా. రోగమదో కాదో ఎవలు జెప్పలే. వాని ఒల్లు కాలిపోతుంది. నేను తలమీంచి దుప్పటి కప్పుకున్న, మూతికి గుడ్డ కట్టుకున్న. నాకు భయమే, భయం లేదని అనను. నీళ్లు తాపుదామని దగ్గరికి పోయిన. వాడు కండ్లు తెరిచిండు. నన్ను సూసి, అవ్వా, వచ్చినవా అన్నడు.

నాకేం జెయ్యాల్నో సమజ్ గాలే. నోరు తెరిస్తె గొంతు ఎరుకైతది. గుడ్డ ఇప్పితె ముఖం ఎరుకైతది. ఊకున్న. తల ఊపిన.

బస్సు దొరికిందా అన్నడు. తల ఊపిన. బాపుకు మగ్గం కాడ కండ్లు మంచిగ కనవడ్తున్నయా అన్నడు. ఊపిన. నువ్వు బువ్వ తిన్నవా అన్నడు. తల ఊపిన. నీ చెయ్యి పెట్టు అన్నడు. నెత్తి మీద చెయ్యి పెట్టిన. చెయ్యి గరుకున్నది, పట్టుకుంటె తెలుస్తదేమోనని భయపడ్డ. తెల్వలే. ఇగ జరసేపు పండుకుంట అవ్వా అన్నడు.

మల్ల లేవలే.

మోసం జేసిన్నా అవ్వా అని అడిగాడు దశరథం. బుచ్చిరాములు గోడకు తల ఆనించి ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు. బయట పటాకులు కాలుస్తున్నారు. నాకు ఏమీ వినబడడం లేదు.

నేను సిరిసిల్లలో ఉన్నాను. నేను సూరత్‌లో కూడా ఉన్నాను. ఒక గుడ్డ ముక్క నన్ను అంత దూరం తీసుకుపోయింది. రోగాన్ని ఆపడానికి కట్టుకున్న గుడ్డ. ఏ అమ్మవారూ ఇంత పెద్ద పని చేయగా నేను వినలేదు.

నేను ఇక్కడ గుడ్డ చూసి కొడుకా అన్నాను. వాడు అక్కడ గుడ్డ చూసి అవ్వా అన్నాడు. నడుమ నిలబడి ఇద్దరినీ చూసినవి దశరథం కండ్లే.

6 నవంబర్, ఆదివారం

మానేరు ఒడ్డున మోదుగు ఆకుల బొమ్మను కాల్చాం. ఆకులకే ఏడ్చాను. ఏడుపు వచ్చింది. పోయినవాడి వస్తువు ఏదైనా బొమ్మ మీద వేయాలన్నారు. అందరూ దశరథం మెడలోని గుడ్డ వైపు చూశారు. నేను ఇవ్వనివ్వలేదు. మార్కండ పాత చొక్కా వేశాను.

ఇంటికి వచ్చాక రాజయ్య కల్లు తెచ్చాడు. ఉత్త ముఖంతో వచ్చాడు. తల దించుకుని కూర్చున్నాడు. ముంత నా చేతికి ఇవ్వబోయాడు. ముందు దశరథానికి ఇవ్వు, వాని నోరు కూడ చేదుగనే ఉన్నది అన్నాను.

సూరత్‌లో ఆ గదిలో కూర్చున్నవాడు వీడేనని అందరికీ తెలుసు. యాదవ్వ చెయ్యి తెలియకుండానే కొంగు దగ్గరికి పోయింది. దశరథం తాగాడు. అదే ముంత నేను అందుకుని తాగాను. బుచ్చిరాములు తాగాడు. ముంత కింద పెట్టేలోపు రాజయ్య చెయ్యి చాపాడు. తాగాడు. యాదవ్వ కొంగు వదిలేసి, అక్కా, నాకు జర ఉంచుండ్రి, ఒడగొట్టేటట్టున్నరు అన్నది.

రేపు దశరథం వాళ్ల అన్నల దగ్గరికి బుచ్చిరాములు కూడా వెంట పోతాడు. వాళ్లు రానివ్వకపోతే ఇక్కడికే రమ్మన్నాను. గుడ్డ నాకు ఇచ్చిపోతానన్నాడు. రోగం పోయేటట్టు గంజి కాగులో వేసి ఎన్నోసార్లు ఉడకబెట్టిందేనట. నేను అడగలేదు.

18 నవంబర్, శుక్రవారం. కార్తీక పున్నమి

ఇంట్లో ఎవరూ లేరు. ఎర్ర అంచు గుడ్డ మూతికి కట్టుకున్నాను. తలమీంచి దుప్పటి కప్పుకున్నాను. అద్దం ముందు నిలబడ్డాను.

వాడు చూసింది చూశాను.

మోసం లేదు. నేనే.